ఒక్కదానివే వచ్చావా?

తెల్లవారుజామున మొదటి బస్సు దిగి, భుజాన ఒక సంచీ, చంకలో నిద్రపోతున్న పిల్లాడితో కూతురు గేటు తీసుకుని లోపలికొస్తుంది. తల్లి వాకిట్లో కళ్లాపి చల్లుతూ ఉంటుంది. బకెట్టు పక్కన పెట్టి, ముందు కూతురి వెనక్కి, గేటు వైపు చూస్తుంది. "ఒక్కదానివే వచ్చావా? అల్లుడుగారు రాలేదా?"

అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మన ఇళ్లలో ఆ ప్రశ్న నాలిక చివరే ఉంటుంది. కాకపోతే ఆ పిల్ల మూడు గంటల ప్రయాణంలో కూడగట్టుకున్న మాట ఒకటుంటుంది. ఆ ప్రశ్న వినగానే అది మళ్లీ గొంతులోకి జారిపోతుంది. "ఆయనకు సెలవు దొరకలేదమ్మా" అంటుంది. నాలుగు రోజులుండి, ఊరగాయ సీసా పట్టుకుని వెళ్లిపోతుంది.

కొన్నేళ్లపాటు నేను ఒక కుటుంబ సలహా కేంద్రంలో వారానికి రెండు పూటలు కూర్చున్నాను. వచ్చినవాళ్లను మేం అడిగే ప్రశ్నల్లో "మీ అమ్మానాన్నలకు తెలుసా" అనేది ఒకటి. "తెలుసు మేడమ్, సర్దుకోమన్నారు" అన్న జవాబు ఎన్నిసార్లు రాసుకున్నానో లెక్కలేదు. ఆ మాట కోపంగా చెప్పేవాళ్లు కాదు. "వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం, చెల్లి పెళ్లి ఉంది కదా" అని పుట్టింటిని వెనకేసుకొచ్చేవాళ్లు. అందుకే ఈ నాలుగు మాటలు అమ్మానాన్నలకు రాస్తున్నాను. నిలదీయడానికి కాదు. నాకూ పెళ్లయిన కూతురుంది. గేటు వైపు పోయే ఆ చూపు నాకూ తెలుసు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటుంది. కాన్పులు, టీకాలు, పిల్లల బరువు అన్నీ అడుగుతారు. ఆ ప్రశ్నలతోపాటే, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఆడవాళ్లను దెబ్బల సంగతీ అడుగుతారు. 2019-21 సర్వేలో, 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో శారీరక హింసో, లైంగిక హింసో పడ్డామని చెప్పినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో 37 మంది. మీ వీధిలో పది గడపలు లెక్కపెట్టుకోండి.

ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. దేశం మొత్తం మీద హింస అనుభవించిన ఆడవాళ్లలో సాయం అడిగినవాళ్లు 14 శాతం. అడగనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు అన్నవాళ్లు 77 శాతం. అడిగిన ఆ కొద్దిమందైనా ఎవరి దగ్గరికి వెళ్లారు? ఎక్కువమంది పుట్టింటికే. పోలీసుల దాకా వెళ్లినవాళ్లు సాయం అడిగినవాళ్లలో కూడా పదిమందికి ఒకరు లేరు. పోలీసులు సరిగా పట్టించుకోరు, కోర్టులు ఏళ్లు తింటాయి అని మనం అంటూంటాం. అబద్ధం కాదు, ఆ సంగతికి వస్తాను. కానీ ఆ పిల్ల మొదట ఫిర్యాదు చేసేది స్టేషన్ రైటర్‌కి కాదు, మీకు. మీరు ఎలా విన్నారన్నదాన్ని బట్టే ఆమె మరో మెట్టు ఎక్కాలో వద్దో తేల్చుకుంటుంది.

ఇంకొక్క అంకె చెప్పి లెక్కలు ఆపుతాను. చెప్పకుండా బయటికెళ్లడం, ఎదురు మాట్లాడడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, వంట సరిగా చేయకపోవడం, ఇలా ఏడు కారణాలు చదివి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని ఆడవాళ్లనే అడిగారు. సబబే అన్నవాళ్లు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 84 మందికి దగ్గరగా ఉన్నారు. దేశంలో మనం ముందు వరసలో నిలబడ్డ సంగతుల్లో ఇదొకటి. "అసలు నువ్వేమన్నావే?" అని కూతుర్ని మొదట అడిగే తల్లి గయ్యాళి కాదు. ఆ 84 మందిలో ఒకరు, అంతే. ఆమె తల్లి కూడా ఆమెను అదే అడిగి ఉంటుంది.

సరే, వచ్చింది. ఏం చేయాలి?

మొదట స్నానానికి నీళ్లు పెట్టండి. పిల్లాడికి పాలు పట్టండి. ఆమెను పడుకోనివ్వండి. అల్లుడికి ఫోన్ చేయకండి, "అమ్మాయి ఇక్కడికి క్షేమంగా చేరింది" అని కూడా. ఆమెను అడక్కుండా వియ్యంకులకు కబురు పెట్టడం మనకు మర్యాద అనిపిస్తుంది. ఆమెకు మాత్రం తనను పట్టిచ్చేసినట్టే ఉంటుంది. తానుగా చెప్పడం మొదలుపెట్టినప్పుడు మధ్యలో ఆపకండి. తేదీలు కలవకపోతే, ఉగాదికి జరిగిందని ఒకసారి, శ్రీరామనవమికని ఇంకోసారి అంటే, అబద్ధమనుకోకండి. భయంలో పడ్డ మనిషికి జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తొస్తుంది. అక్కకొకసారి, మేనమామకొకసారి, పెద్దమనుషుల ముందు ఇంకోసారి అదే కథ చెప్పించకండి. చెప్పిన ప్రతిసారీ ఆమె ఆ గదిలోకి మళ్లీ వెళ్లివస్తుంది.

ఒక్క ప్రశ్న మాత్రం మీరే అడగాలి. అడగడానికి నోరు రాదు, అయినా అడగండి. "ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా?"

దీనికో కారణముంది. అమెరికాలో భార్యల హత్యల మీద జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్, ఆమె సహచరులు దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్నారు. చనిపోయినవాళ్ల అక్కచెల్లెళ్లను, తల్లులను, అంతకుముందు ఏమేం జరిగిందో అడిగారు. వాళ్లలో నాన్సీ గ్లాస్ బృందం 2008లో అచ్చువేసిన ఫలితం ఇది: భర్తో, సహచరుడో అంతకుముందు గొంతు నులిమిన ఆడవాళ్లు అతని చేతిలోనే హత్యకు గురయ్యే అవకాశం మిగతా బాధితులకంటే ఏడు రెట్లు ఎక్కువ. చెంపదెబ్బ, గొంతు మీద చెయ్యి ఒకే కోపానికి రెండు రూపాలు కావు. రెండోది ఇంకో రకం మనిషిని చూపిస్తుంది. సాన్ డియాగో నగరంలో ఇలాంటి 300 పోలీసు కేసులు తిరగేస్తే, సగం మందికి మెడ మీద కంటికి కనిపించే మచ్చే లేదు. "మచ్చ కూడా లేదు, ఎందుకే అంత గొడవ" అని మనం అనే మాట ఎంత ప్రమాదమో చూడండి. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్లలో ఎర్రటి చుక్కలు, ఆ సమయంలో మూత్రం పోయి బట్టలు తడిసిపోవడం, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడలో రక్తనాళం దెబ్బతింటే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు.

ఆసుపత్రిలో "బాత్‌రూమ్‌లో జారిపడింది" అని చెప్పకండి. ఓపీ చీటీ మీద ఆ మాట పడిందంటే రెండేళ్ల తర్వాత కోర్టులో అవతలి వకీలు చేతిలో ఉండేది ఆ చీటీయే. ఉన్నది ఉన్నట్టు చెబితే డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాస్తారు. అలా రాయించినంత మాత్రాన మీరు అల్లుణ్ని జైలుకు పంపినట్టు కాదు. దెబ్బలకు ఒక తేదీ పడింది, అంతే.

ఆసుపత్రుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. 2001లో మన దేశంలో కాలిన గాయాలతో ఎంతమంది చనిపోయారని ముగ్గురు పరిశోధకులు లెక్కలు కట్టి, 2009లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. లక్షా 63 వేలకు పైగా. అందులో 65 శాతం ఆడవాళ్లు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల లోపువాళ్లే. పోలీసు రికార్డుల్లో ఉన్న సంఖ్యకు అది దాదాపు ఆరు రెట్లు. అన్నీ హత్యలని వాళ్లు అనలేదు, నేనూ అనను. కానీ అంత పెద్ద తేడా ఎక్కడ పుట్టిందో మన తరం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. స్టవ్ పేలిందనే మాట వార్డు బయట బెంచీ మీద కూర్చుని రెండు కుటుంబాల పెద్దలూ కలిసి ఖాయం చేసుకున్న సందర్భాలు మనందరికీ తెలుసు.

ఇక స్టేషన్. చాలామంది తండ్రులు ఇక్కడే జంకుతారు. "మా ఇంటావంటా స్టేషన్ మెట్లెక్కలేదండీ" అంటారు. ఎక్కాల్సి వస్తే తెలుసుకుని ఎక్కండి.

కూతురు ఉండేది విశాఖలో, మీరుండేది ఖమ్మంలో అనుకోండి. అక్కడికే వెళ్లి ఫిర్యాదివ్వాలని ఎవరైనా అంటే నమ్మకండి. అత్తింటి హింస భరించలేక పుట్టింటికి చేరిన స్త్రీ, పుట్టిల్లు ఉన్న చోటే కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో తేల్చింది. అత్తింటి వేధింపుల మీద ఉన్న పాత 498ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. 2024 జులై 1 నుంచి ఇవే అమల్లో ఉన్నాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ రాయాలని కొత్త చట్టంలో స్పష్టంగానే ఉంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. దాని కాపీ ఉచితం. ఆమెను వాంగ్మూలానికి స్టేషన్‌కి రమ్మని తిప్పకూడదు, ఇంటికొచ్చి తీసుకోవాలి. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీకైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. ఈ చివరి మాట విని "మాకు రెండు లారీలున్నాయి, మాకెందుకిస్తారు" అన్న తండ్రి ఒకాయన ఉన్నాడు. ఇస్తారు. చట్టం ఆడమనిషిని చూస్తుంది, నాన్న లారీల్ని కాదు.

పోలీసులు పట్టించుకోరన్న మాటకు ఆధారాలున్నాయి. హర్యానాలో నాలుగు లక్షలకు పైగా ఎఫ్‌ఐఆర్‌లను, అవి కోర్టుల్లో ఏమయ్యాయో జతచేసి చూసిన అధ్యయనం ఒకటుంది, నిర్వికార్ జస్సల్ చేసింది. ఆడవాళ్లు ఇచ్చిన ఫిర్యాదులు నమోదు కావడంలోనే ఆలస్యం ఎక్కువ, మధ్యలో మూసేయడం ఎక్కువ, కోర్టుకు వెళ్లినా నిందితుడు బయటపడడం ఎక్కువ. అయితే దీనికి పక్కనే మధ్యప్రదేశ్ ప్రయోగాన్ని పెట్టి చూడాలి. అక్కడ 180 స్టేషన్లు తీసుకుని, కొన్నింటిలో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక డెస్కు, మాట్లాడుకోవడానికి కాస్త మరుగు, సిబ్బందికి శిక్షణ ఏర్పాటు చేశారు. మిగతా వాటిని యథాతథంగా వదిలేశారు. 2022లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. డెస్కులున్న చోట ఆడవాళ్ల కేసులు నమోదు కావడం పెరిగింది. ముఖ్యంగా డెస్కు బాధ్యత మహిళా పోలీసుల చేతిలో ఉన్న చోట. అంటే స్టేషన్ అనేది మారని రాయేమీ కాదు. ఎదురుగా ఎవరు కూర్చున్నారు, కూర్చోమని కుర్చీ చూపించారా అన్నదాన్ని బట్టి మారుతుంది. మీరు వెళ్లినప్పుడు మహిళా హెల్ప్ డెస్క్ ఎక్కడని అడిగి మరీ వెళ్లండి. తండ్రి ఒక్కడే వెళ్లి గేటు దగ్గర హోంగార్డుకు మొత్తం కథ చెప్పుకోవద్దు. స్టేషన్ వద్దనిపిస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఉంటుంది. ప్రాణభయం ఉంటే మాత్రం ఆలోచించకుండా 112.

కేసు అంటే అల్లుణ్ని లోపలేయించడమేనని చాలామంది అనుకుంటారు. అందుకే వెనకాడతారు. 2005 గృహహింస చట్టం దారి వేరు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. దాని కింద మేజిస్ట్రేటును అడిగేది జైలు కాదు. కొట్టకూడదని ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, పిల్లల ఖర్చులు, మీరు పెట్టిన బంగారం వాపసు. ఆ ఉత్తర్వును అతను కాలదన్నితేనే నేరమవుతుంది, ఏడాది దాకా శిక్ష ఉంటుంది. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు, ఆ దరఖాస్తు వాళ్లే రాయించిపెడతారు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. అరవై రోజుల్లో తేలిన కేసు నేను చూడలేదు. కానీ ఈలోగా మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. వకీలు మరిచిపోతే మీరు గుర్తుచేయండి.

ఇంకో రకం తండ్రులుంటారు. స్టేషన్‌కి వెళ్లి, "కేసు వద్దు సార్, పిలిచి నాలుగు తగిలించండి, దారికొస్తాడు" అంటారు. ఈ కోరిక అమెరికాలోనూ ఉండేదనుకుంటా. మినియాపొలిస్ నగరంలో 1981-82లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ దీన్నే పరీక్షకు పెట్టారు. భార్యనో, కలిసి ఉంటున్న ఆమెనో కొట్టినవాళ్ల ఇళ్లకు పోలీసులు వెళ్లినప్పుడు ఏం చేయాలో చీటీలు తీసినట్టు ముందే నిర్ణయించారు. కొందర్ని అరెస్టు చేశారు, కొందర్ని కొన్ని గంటలు ఇంటి నుంచి పంపేశారు, కొందరికి నచ్చజెప్పి వచ్చేశారు. ఆరు నెలల్లో మళ్లీ కొట్టి పోలీసు రికార్డుకెక్కినవాళ్లు అరెస్టయినవాళ్లలో పది శాతం, నచ్చజెప్పినవాళ్లలో 19, పంపేసినవాళ్లలో 24. అరెస్టే మందు అని దేశమంతా మోగిపోయింది. తర్వాత వేరే నగరాల్లో అదే ప్రయోగం మళ్లీ చేస్తే కథ అంత సులువుగా తేలలేదు. ఉద్యోగం, పరువు ఉన్నవాడికి అరెస్టు భయం పనిచేసింది. పోగొట్టుకోవడానికేమీ లేనివాడు బయటికొచ్చి ఇంకా ఎక్కువ కొట్టిన చోట్లున్నాయి. నాలుగు తగిలించుకున్న అల్లుడు తిరిగి వెళ్లేది మీ కూతురున్న గదిలోకే. తగిలించమని అడిగే ముందు ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో చెప్పండి.

అలాగే ఎస్సై వెంటనే అరెస్టు చేయలేదని "వాళ్ల దగ్గర తిన్నాడు" అని కేకలెయ్యకండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదని, ముందు నోటీసివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇచ్చారా లేదా అన్నది అడగండి. అది మీరు అడగదగ్గ ప్రశ్న.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక ప్రలోభం వస్తుంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో, "ఆడపడుచు పేరూ రాయండి, మరిది పేరూ రాయండి, అప్పుడు దిగొస్తారు" అంటాడు. కరీంనగర్‌లో దెబ్బలు తగిలితే బెంగళూరులో కాపురముంటున్న ఆడపడుచు పేరు ఎందుకు? 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఆధారం లేకుండా కుటుంబం మొత్తాన్ని ఇరికించే అలవాటు గురించి గట్టిగానే మాట్లాడింది. నిజంగా కొట్టినవాడు ఆ గుంపులో కలిసి బయటపడతాడు, బాధపడేది మీ పిల్ల. ఎవరు, ఏం చేశారో అదే రాయండి. ఇచ్చిన కట్నం సంగతి రాస్తే మన మీదే కేసవుతుందని భయం పెట్టేవాళ్లూ ఉంటారు. బాధితులు చెప్పిన మాటను పట్టుకుని వాళ్ల మీదే కేసు పెట్టకూడదని వరకట్న నిషేధ చట్టంలోనే ఉంది.

పెద్దమనుషుల పంచాయితీ వద్దని నేననను. అది లేకుండా మన ఊళ్లలో ఏ వ్యవహారమూ నడవదు. కానీ పంచాయితీలో తొమ్మిది మంది మగవాళ్లు అరుగు మీద కూర్చుని, అమ్మాయిని తలుపు చాటున నిలబెట్టి, "ఇంకోసారి చెయ్యి చేసుకుంటే ఒప్పుకోం" అని కాఫీ తాగి లేస్తే దాన్ని రాజీ అనకండి. తేదీ వేసి, ఎవరెవరున్నారో, అతను ఏమని ఒప్పుకున్నాడో కాగితం మీద రాయించి సంతకాలు తీసుకోండి. ఆమె ఎదురుగా కూర్చోవాలి. వెళ్తానందా, వెళ్లమన్నారా అన్నది ఆమెను ఒంటరిగా అడిగి తెలుసుకోండి. గొంతు పట్టుకున్న మనిషి దగ్గరికైతే ఏ కాగితాన్నీ నమ్మి పంపకండి.

ఇప్పుడు కొంచెం చేదు మాట. అల్లుడు కొడితే పరువుకు జంకి స్టేషన్ మెట్లెక్కని మనమే, కూతురు తనకు నచ్చినవాణ్ని చేసుకుంటే గంటలో ఎక్కేస్తాం. 2013లో ఢిల్లీ జిల్లా కోర్టుల్లో తీర్పులొచ్చిన అత్యాచారం కేసులన్నీ రుక్మిణి అనే పాత్రికేయురాలు ఓపిగ్గా చదివారు. పూర్తిగా విచారణ జరిగినవి 460. వాటిలో 189 ఇష్టపడి వెళ్లిపోయిన జంటలవి, లేదా అలా అని తేలినవి. చాలావాటిలో ఫిర్యాదు పెట్టింది అమ్మాయి అమ్మానాన్నలు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో 2016-20 మధ్య వచ్చిన ఏడు వేలకు పైగా పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) తీర్పులు చూసిన ఎన్‌ఫోల్డ్ సంస్థకు నాలుగో వంతు అలాంటివే కనిపించాయి. ఆ కేసుల్లో కన్నవాళ్లకు ఎస్సై తెలుసు, వకీలు తెలుసు, ఎమ్మెల్యే పీఏ కూడా తెలుసు. మరి నీలంగా కమిలిన చెయ్యితో కూతురు వచ్చిన రోజున అవేవీ ఎందుకు గుర్తురావు? నేను వాదన కోసం అడగడం లేదు. ఒక రాత్రి నిద్రపట్టనప్పుడు ఆలోచించండి.

కొడుకులున్నవాళ్లకు ఎక్కువ చెప్పను. గోడ అవతల చప్పుడు మీకు వినిపిస్తుంది. టీవీ సౌండు పెంచకుండా, తలుపు కొట్టండి. ఏమీ అడగక్కర్లేదు, "మంచినీళ్లు కావాలా" అన్నా చాలు. తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగిన ఆడపిల్లలు తాము కూడా భర్త చేతిలో దెబ్బలు తినే అవకాశం ఎక్కువని ఆ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. మీ మనవరాలు ఆ గదిలోనే నిద్ర నటిస్తూ ఉంటుంది.

కూతురు డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటే మీ చేతిలో ఉండేది ఫోనొక్కటే. ఆమె పాస్‌పోర్టు, వీసా, పెళ్లి సర్టిఫికెట్ కాపీలు మీ దగ్గరొక సెట్టుండాలి. ఆమె పేరుతో ఆమె ఒక్కతే తీయగల డబ్బు కొంత ఉండాలి. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతోందని అనిపిస్తే గుచ్చి గుచ్చి అడక్కండి. ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. మా పక్కింటి పిన్నిగారు, వాళ్లమ్మాయి "గోంగూర దొరకడం లేదమ్మా" అన్న మాట పెట్టుకున్నారు. దొరకడం లేదంటే, విడిగా ఫోన్ చేస్తాను ఉండు అని అర్థం.

ఒకాయన గురించి చెబుతాను. రిటైరైన బస్సు కండక్టరు. కూతురు మొదటిసారి వచ్చినప్పుడు ఆయన కూడా సర్దుకోమనే పంపాడు. రెండోసారి వచ్చినప్పుడు ఏమీ అనలేదు. పాల లెక్క రాసుకునే పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి, మొదటి పేజీలో రాశాడు: "వేకువ 4.50. అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఎడమ చెయ్యి వాచి ఉంది. బాబుకు జ్వరం." ఇరవై ఎనిమిదేళ్లు వేబిల్లు రాసిన చెయ్యి. టైము వేయకుండా ఏదీ రాయదు. ఆ తర్వాత రెండేళ్లలో ఫోన్లు, ఆసుపత్రి, పంచాయితీకి ఎవరొచ్చారు, ఎవరేమన్నారు, అల్లుడు గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు, అన్నీ ఆ పుస్తకంలో ఎక్కాయి. గృహహింస కేసు వాయిదాకొచ్చాక అవతలి వకీలు ఆయన్ని బోనులో నిలబెట్టి, "అంత కచ్చితంగా తేదీలు ఎలా చెబుతున్నారండీ, ఎవరు నేర్పారు?" అని అడిగాడు. ఈయన జేబులోంచి పుస్తకం తీశాడు. అప్పటికప్పుడు రాసుకున్నది చూసి సాక్షి జ్ఞాపకం సరిచూసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. మేజిస్ట్రేటు పుస్తకం తెప్పించుకుని, కళ్లద్దాలు సవరించుకుని, కాసేపు పేజీలు తిప్పారు. రికార్డులో పెట్టమన్నారు.

ఆయన బోను దిగలేదు. "అమ్మా, అది మళ్లీ ఇస్తారా?" అన్నాడు. "ముందువైపు ఈ నెల పాల లెక్కుంది."